బోండా గుండె

“గుండె ఆగింది!”

పెంచలయ్య ఆ మాట అనగానే కంట్రోల్ రూమ్‌లో ఉన్న పదకొండు మందికీ గుండె ఆగినంత పనైంది. ఆగింది ఎవరి గుండో తెలియక తలా ఒక దిక్కుకి లేచారు. ఇద్దరు నేరుగా పెంచలయ్య మీదికే వచ్చారు. ఎందుకంటే ఆయన చెయ్యి ఛాతీ మీద ఉంది, మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఒకాయన గబగబా ఆయన చొక్కా పైగుండీ విప్పాడు.

“గుండె అంటే గుండీ విప్పుతావేందయ్యా!” అన్నాడు పెంచలయ్య, ఆ స్థితిలో కూడా.

టీ కప్పులు తీసుకెళ్లడానికి వచ్చిన క్యాంటీన్ రత్తమ్మ “సోడా, సోడా” అంటూ వెనక్కి పరిగెత్తింది. మిషన్ డైరెక్టర్ భానోజీ గారు మాత్రం ఉన్నచోటే బిగుసుకుపోయారు. నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న వ్యోమగామి డాక్టర్ హైమావతి గుండె ఆగిందని అనుకున్నారాయన.

“హైమకా? హైమకేమైంది బాబూ?”

“హైమకేం కాలేద్సార్. చెప్పిందే హైమ. ఆగింది బోండా.”

గదంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. వదిలిన ఊపిరిని వెంటనే మళ్లీ బిగబట్టింది.

అది క్యాంటీన్ బోండా అయితే ఎవరూ కంగారుపడేవాళ్లు కాదు. క్యాంటీన్ బోండా ఎప్పుడూ కదలదు, తిన్నవాళ్ల కడుపులో కూడా. ఈ బోండా వేరు. పులికాట్ సరస్సు పక్కన రొయ్యల షెడ్డులో పనిచేసే మునెమ్మకి కాన్పు తర్వాత గుండె ఉబ్బిపోయి, కొట్టుకోవడానికి బద్ధకించింది. మందులు అయిపోయాయి. సీసాల్లో కాదు, డాక్టర్ల బుర్రల్లోనే అయిపోయాయి. మిగిలిన దారి ఒక్కటే. ఆమె చర్మం నుంచి గోరంత తీసి, ఆ కణాలను గుండె కణాలుగా మార్చి, వాటితో అరచేతిలో సగమంత అతుకు పెంచి, బలహీనపడిన చోట కుట్టాలి. అతుకు పడితేనే బతుకు. అలాంటి అతుకు ఇంతవరకూ ఎవరికీ వేయలేదు. మునెమ్మే మొదటిది.

“నా తోలు తీసుకోని పైన గుండె చేస్తారా అన్నా? కిందనే చేస్తే ఏం పొయ్యేది?” అని ఆమె అడిగిన రోజున, అక్కడున్న నలుగురు శాస్త్రవేత్తలూ నోళ్లు తెరిచి, అందులోంచి వచ్చేవన్నీ ఇంగ్లీషు మాటలేనని తెలిసి మూసుకున్నారు. పెంచలయ్య అందుకున్నాడు.

“కింద చేస్తే దోసె అవుద్దమ్మా. పిండి పెనం మీద పోస్తే ఏమైతది? భూమి లాగతా ఉంటది గాబట్టి పరుచుకుంటది. పైన లాగే నాథుడు లేడు. నూనెలో వేసిన బోండా మాదిరిగా అన్ని పక్కలా పొంగుతుంది. నీకు కావాల్సింది మందంగా ఉండే ముక్క. దోసె అతికిస్తే గుండె చినగతది.”

“అయితే నాది బోండా గుండె అనమాట” అని మునెమ్మ నవ్వింది. ఆ కాస్త నవ్వుకే ఆయాసపడింది. ఆ రోజు నుంచి లక్షణమైన పదహారు అక్షరాల ఇంగ్లీషు పేరున్న ప్రయోగం బోండా అయిపోయింది. భానోజీ గారు కూడా మీటింగుల్లో రెండుసార్లు నోరు జారారు.

“నీ గుండె ఇప్పుడు కక్ష్యలో ఉందమ్మా” అని పెంచలయ్య చెబితే, “నా గుండెకి ఎవురి మీదన్నా కక్ష?” అంది మునెమ్మ, కళ్లు చిన్నవి చేసి. పెంచలయ్యకి ప్రాణం లేచొచ్చింది. తనకి సరిజోడు దొరికింది.

ఆ కణాలు ఎక్కిన అంతరిక్ష కేంద్రం పేరు నింగిల్లు. ఇద్దరే ఉంటారు, ఇద్దరూ ఒకే వేళకి పడుకుంటారు. నలభై మూడు రోజులుగా హైమావతి ఆ అతుకుని ఒక వెచ్చటి పెట్టెలో పెట్టి, పసిబిడ్డకి పట్టినట్టు వేళకి పాలు, అంటే పోషక ద్రవం, పడుతోంది. అతుకుకి గుచ్చిన సన్నటి ముల్లు ఒకటి ప్రతి దడనీ కిందికి పంపుతుంది. తెర మీద గీతగా చూడొచ్చు, కావాలంటే చప్పుడుగా వినొచ్చు. నాలుగు రోజుల్లో క్యాప్సూల్ దిగుతుంది, అయిదో రోజు ఆపరేషన్.

ఇప్పుడు ఆ తెర మీద గీత లేచిపడటం మానేసి తిన్నగా పోతోంది.

“ఏమందో చెప్పు బాబూ, అక్షరం పొల్లు పోకుండా” అన్నారు భానోజీ గారు.

“‘చట్రంలో బిగించి లాగినా. గుండె ఆగింది. నేనింక పడుకుంటా’ అందిసార్. పాపం, గొంతులో జీవం లేదు. అంతలోనే లింకు పోయింది.”

ఎవరూ మళ్లీ రికార్డింగు వినలేదు. వినాల్సిన అవసరం ఎవరికి తోచుతుంది? నింగితో మాట్లాడే సీటులో పెంచలయ్య ఇరవై రెండేళ్లుగా ఉన్నాడు. ఆయన చెవి మాటే రికార్డు. పైగా ఎదురుగా తిన్నటి గీత సాక్ష్యం చెబుతోంది.

ప్రయోగాల పుస్తకంలో ఇలాంటప్పుడు ఏం చేయాలో రాసి ఉంది. చచ్చిన కణజాలం గంటల్లో కుళ్లుతుంది. అదే అరలో చేప గుడ్లున్నాయి, వరి మొలకలున్నాయి. అందుకని పెట్టెని నూట ఇరవై డిగ్రీలకి కాల్చాలి. ఆ ఆదేశం కింద నుంచే వెళుతుంది, పైన ఎవరినీ లేపక్కర్లేదు. నింగిల్లు మళ్లీ మన నెత్తి మీదికి వచ్చేది పన్నెండూ పన్నెండుకి. ఇప్పుడు పదీ నలభై నాలుగు.

“పన్నెండూ పన్నెండుకి పంపేయండి” అన్నారు భానోజీ గారు, ఎవరి మొహమూ చూడకుండా. “ఇంకోటి పెంచాలంటే మళ్లీ నలభై ఏడు రోజులు. ఆ పిల్లకి మూడు వారాలు కూడా లేవంటున్నారు డాక్టర్లు. పెంచలయ్యా, ఆవిడకి నువ్వే చెప్పాలి. మేం చెబితే అర్థం కాదు, అర్థమైతే తట్టుకోలేదు.”

*

ఆస్పత్రి వార్డు అదే ఆవరణలో, పది నిమిషాల నడక. పెంచలయ్య దాన్ని గంట నడిచాడు. సరుగుడు తోపు దగ్గర కాసేపు కూర్చున్నాడు. జేబులో అరచేతిలో పట్టే ప్లేయరు ఉంది. హైమావతి రోజూ తెలుగులో చెప్పే నాలుగు ముక్కలు అందులో ఎక్కించి మునెమ్మకి వినిపించడం నలభై మూడు రోజుల అలవాటు. అది తన హక్కని మునెమ్మ మొదటి రోజే, ప్రయోగానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టే ముందు, ఒప్పించుకుంది. “నా గుండె కబురు నేను వినబళ్లా?” అని.

ఆయన ప్లేయరు చెవికి ఆనించుకుని ఒకసారి విన్నాడు. ‘గుండె ఆగింది.’ ఇంకోసారి విన్నాడు. అదే ఆగింది.

చెవి సంగతి ఇప్పుడు చెప్పుకోవాలి. పెంచలయ్యకి శ్లేష శ్లేష్మం లాంటిది, దగ్గినా తుమ్మినా పడుతుంది. ఆవరణలో ఆయన మాటల విరుపులకి పెద్ద పేరు. ఏడాది నుంచి ఆ పేరు మరీ పెరిగింది. “సీత వచ్చింది సార్” అని ఎవరో అంటే, “ఈతొచ్చిందా? అయితే పులికాట్‌లోకి దించండి” అన్నాడు. గదంతా పడీ పడీ నవ్వింది, పైకి ఆదేశాలు పంపే సీతతో సహా. భార్య రాజ్యం ఫోన్‌లో సొరకాయ తెమ్మంటే ఊరగాయ జాడీతో ఇంటికి వెళ్లాడు. “నీ జోకులు నన్నేం తినమంటావు?” అని ఆమె తిట్టింది.

నిజానికి అవేవీ జోకులు కావు. ఆయనకి అలాగే వినపడింది. ఆయన చెవి ఒక అక్షరాన్ని మాత్రం మెల్లగా మరిచిపోతోంది. మనిషి ఎదురుగా ఉంటే పెదవులు చూసి నెట్టుకొస్తాడు. హెడ్‌సెట్‌కి పెదవులుండవు. మొదటిసారి అందరూ నవ్వినప్పుడు ఆయన కూడా నవ్వేశాడు. రెండోసారి నవ్వుకి సిద్ధంగా ఉన్నాడు. ఏటేటా జరిగే చెవి పరీక్షలో మీట నొక్కే డాక్టరు వేలు కదలిక అద్దంలో చూసి చెయ్యెత్తాడు. నూటికి నూరు వచ్చాయి. ఆ సీటు పోతే ఇక తానెవరు? నింగితో మాట్లాడే మనిషి కాస్తా నింగి వైపు చూసే మనిషవుతాడు.

అయితే ఇదంతా ఆయనకి ఇంటి గొడవలాగే ఉండేది. చెవి వల్ల ఊరగాయలు వస్తాయి గానీ ఉపద్రవాలు వస్తాయని ఆయన ఊహించలేదు. సరుగుడు తోపులో కూర్చున్నప్పుడు కూడా ఆ ఊహ రాలేదు. ఆయన ఆలోచన అంతా మునెమ్మకి మొదటి మాట ఏం చెప్పాలన్నదే.

*

వార్డులో మునెమ్మ దిండుకి ఆనుకుని కూర్చుంది. పక్కన అత్త చెంచమ్మ ఎనిమిది నెలల మనవరాలిని ఒళ్లో వేసుకుని బొరుగులు నములుతోంది.

“ఏందన్నా, ఇయ్యాల ఇంతసేపు? నీ గొంతు విని నవ్వకపోతే మాత్ర దిగదు నాకు.”

“ఏం లేదమ్మా. ఎండగా ఉంటే… ఎండిపోయినా.”

“ఇది చప్పగా ఉందన్నా.” ఆమె చెయ్యి చాపింది. “ముందు హైమక్క మాట పెట్టు.”

పెంచలయ్య తల వంచుకుని మీట నొక్కాడు. ఆ మొహం చూసే ధైర్యం ఆయనకి లేదు. హైమావతి అలిసిపోయిన గొంతు మూడు ముక్కలు చెప్పి ఆగిపోయింది.

“ఆగిందంట గదన్నా!” అని వినపడింది మునెమ్మ గొంతు.

ఆ గొంతులో ఏడుపు లేదు. ఆయన మెల్లగా తలెత్తాడు. మునెమ్మ నవ్వుతోంది. పక్కన చెంచమ్మ కూడా నవ్వుతూ మనవరాలి నోట్లో ఒక బొరుగు పెట్టింది.

పిల్లకి మతి పోయింది, ముసలామెకి కూడా పోయింది అనుకున్నాడు.

“ఏం తల్లీ… గుండె ఆగితే నవ్వుతా ఉండావా?”

మునెమ్మ నవ్వు మొహం మీదే నిలబడిపోయింది. “ఆగితే ఏందన్నా? ఆగిందని యాడంది?” మందుల పొట్లానికి చుట్టిన రబ్బరుబ్యాండు లాగి, రెండు వేళ్లకి తగిలించి, ఆయన కళ్ల ముందు సాగదీసింది. “ఇట్టా! నిన్న నువ్వే గదా చెప్పినావు, లాగి చూస్తారు, తెగకపోతే గెలిచినట్టేనని. ఇట్టా సాగింది!”

ఈసారి ఆయన ఆమె నోటినే చూస్తున్నాడు. ఆమె పళ్లు రెండు వరసలూ కలిశాయి. ‘ఆ’ అనే అక్షరానికి పళ్లు కలవవు.

“మళ్లీ అను తల్లీ.”

“సాగింది.”

“అత్తా, నువ్వను.”

“సాగిందని అంటాంది గదయ్యా ఆ బిడ్డ, అంత తేటగా. నీకెందుకట్టా చెమటలు కారతా ఉండాయి?”

గోడ గడియారం పన్నెండు దాటి రెండు నిమిషాలు చూపిస్తోంది.

పెంచలయ్య పరిగెత్తాడు. యాభై నాలుగేళ్ల మనిషి, మోకాళ్లు రెండూ చెరో అభిప్రాయంతో ఉన్న మనిషి. పది నిమిషాల దారిలో ఎడమ కాలి చెప్పు సరుగుడు తోపుకి ఇచ్చేశాడు, కుడి కాలిది గేటు దగ్గర వదిలేశాడు.

*

“ఆపండి! ఆగలేద్సార్! సాగింది!”

గోడ మీద అంకెలు వెనక్కి నడుస్తున్నాయి. రెండు నిమిషాల పది సెకన్లు. ఆదేశం మీట దగ్గర సీత కూర్చుని ఉంది.

ఆ మాట విని గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. అలవాటు. “ఆగింది, సాగింది. ప్రాస కుదిరింది గురువుగారూ” అన్నారు ఇంకెవరో, ఓదార్పుగానే.

భానోజీ గారికి మాత్రం కోపం వచ్చింది. “ఏటిది పెంచలయ్యా! వేళాకోళానికి వేళా ఇది? గంటన్నర కిందట నువ్వే ఆగిందన్నావు. గీత తిన్నగా ఉంది. కుళ్లు పట్టిందంటే అర మొత్తం పోతుంది. దేన్ని చూసి ఆపమంటావు?”

పెంచలయ్య నాలుక చివర ఒక మంచి అబద్ధం సిద్ధంగా ఉంది. ‘మైకు పాడైంది సార్, మొదటి అక్షరం మింగేస్తోంది.’ చెప్పడానికి ఎంతో తేలిక. కానీ మైకు పాడైందంటే మైకుని పరీక్షిస్తారు, చెవిని కాదు. పరీక్షించడానికి అరగంట పడుతుంది. నిమిషం నలభై ఉంది. పైగా పరిగెత్తుకొచ్చిన దారంతా ఆయన కళ్ల ముందు మునెమ్మ చేతిలో రబ్బరుబ్యాండే ఉంది.

“సార్, నాకు స వినపడదు.”

మళ్లీ కిసుక్కుమనబోయిన మనిషి సగంలో ఆగిపోయాడు.

“ఇది జోకు కాద్సార్. ఏడాదిగా నేనేసినవి సగం జోకులు కావు. నిజంగా అట్టానే వినపడింది నాకు. చెవి పరీక్షలో డాక్టరు వేలు చూసి చెయ్యెత్తినా. సకారం నాకు సహకరించడం మానేసింది సార్. నా మాట నమ్మబాకండి. అదే చెబుతా ఉండా, నా చెవిని నమ్మబాకండి. సీతమ్మా, నువ్విను. నీ చెవితో విను.”

సీత అప్పటికే హెడ్‌సెట్ పెట్టుకుంది. గదిలో పదకొండు జతల కళ్లు ఆమె మొహం మీద. మూడు ముక్కల రికార్డింగుకి పట్టేది ఎనిమిది సెకన్లు.

“సాగింది సార్” అంది సీత. “స ఉంది. స్పష్టంగా ఉంది.”

“రద్దు చెయ్యి” అన్నారు భానోజీ గారు. రద్దయ్యేసరికి గోడ మీద యాభై రెండు సెకన్లు మిగిలాయి.

సీత హెడ్‌సెట్ తీసి పెంచలయ్య వైపు చాపింది. ఆయన తీసుకోలేదు. తన కుర్చీని ఆమె వైపు జరిపాడు. ఇరవై రెండేళ్ల కుర్చీ, చక్రాలు అరిగి ఒక పక్కకి లాగుతుంది.

“కూర్చోమ్మా. కొంచెం ఎడమకి ఒరుగుతాది, అలవాటవుద్ది.”

సీత కూర్చుంది. “నేను కూడా నవ్వాను సార్. ఆ రోజు ఈత అన్నప్పుడు” అంది, ఆయన వైపు తిరిగి, పెదవులు కనపడేలా.

*

నింగిల్లు నెత్తి మీదికి రాగానే సీత మేలుకొలుపు గంట కొట్టింది. భానోజీ గారు గొంతులన్నీ గదిలో స్పీకరుకి కలపమన్నారు. ఇకమీదట ఒక్క చెవి మాటనే నమ్ముకునే పని లేదన్నారు.

“ఏందన్నా…” అని నిద్ర గొంతు వచ్చింది పై నుంచి. “ఇరవై గంటలు మేలుకోని ఇప్పుడే గదా పడుకుంది…”

“అన్న కాదక్కా, నేను సీతని. పెట్టెలో అతుకు ఎలా ఉంది?”

“ఎట్టుంటది? చెప్పినా గదా, సాగిందని. పదిహేను శాతం లాగినా తెగలేదు, లయ తప్పలేదు.”

“మరి ఇక్కడ గీత తిన్నగా ఉందేం?” అన్నారు భానోజీ గారు.

“చట్రంలో బిగించాలంటే ముల్లు పీకాలి గద సార్. రేపు చేయాల్సిన పరీక్ష ఇయ్యాలే చేసినా, దిగే ముందు ఒక రోజు విశ్రాంతి దొరుకుతుంది దానికని. నిద్ర లేచి మళ్లీ గుచ్చుదామనుకున్నా. ఎందుకు, ఏమైంది?”

అందరూ పెంచలయ్య వైపు చూశారు. తలుపు దగ్గర రత్తమ్మ సోడా సీసాతో నిలబడి ఉంది. ఆమె అప్పటికి మూడోసారి రావడం.

పెంచలయ్య స్పీకరు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, కాళ్లకి చెప్పుల్లేకుండా.

“హైమా, తప్పు నాది. నువ్వు సాగిందన్నావు. నా చెవి స మింగేసి ఆగిందని చెప్పింది. నేను దాన్ని ఇక్కడ అందరికీ పంచినా. నువ్వు నిద్రపోతా ఉంటే నీ పెట్టెని కాల్చబోయినాము. ఆపింది నేను కాదు, మునెమ్మ. నలుగురు శాస్త్రవేత్తలకి తట్టనిది రబ్బరుబ్యాండుతో చూపించింది. గుండె రబ్బరు మాదిరిగా సాగిందన్నావో, ఆగకుండా సాగిందన్నావో గానీ, రెండు అర్థాలూ నిజమే. అంత మంచి శ్లేష నేను జన్మలో వెయ్యలేదు. అదొక్కటే నాకు వినపడలేదు.”

పైన ఏదో పెట్టె తెరిచిన చప్పుడు.

“ఉండన్నా” అంది హైమావతి. “ముల్లు గుచ్చుతా. నువ్వే విను.”

“నా చెవితో ఏం వింటానమ్మా.”

“విను అంటా ఉండా గదా.”

రత్తమ్మ సోడా బల్ల మీద పెట్టి కొంగు బిగించుకుంది. భానోజీ గారు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. తెర మీద తిన్నటి గీత ఒకసారి ఉలిక్కిపడింది, రెండోసారి లేచింది. దాని వెంటే స్పీకరులోంచి వచ్చింది మునెమ్మ గుండె, అరచేతిలో సగమంతది, మెత్తగా, నిదానంగా.

దుబ్. దుబ్. దుబ్.

అందులో స లేదు. పెంచలయ్యకి మొత్తం వినపడింది.